చేతులారా

జ్యేష్ఠమాసంలో ఒక రాత్రి పదకొండింటికి మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. తొమ్మిదో నెల, మలిచూలు. స్కానింగులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని తేలాక మూడు ఆసుపత్రులు తిరిగింది. మూడు చోట్లా ఆపరేషనే అన్నారు. ఒకచోట తేదీ కూడా వాళ్ళే వేసేశారు. ఇంకోచోట, మూలా ఆశ్లేషా రాకుండా చూసి ముహూర్తం మీరే పెట్టించుకు రండి అన్నారట. మూడోచోట, ఇది కాక వేరే దారి ఉందా అని అడిగితే డాక్టరమ్మ ఫైలు మూసి తర్వాతి పేషెంటును పిలిచింది.

"అత్తా, ఇంట్లోనే కంటే? నాన్న ఇంట్లోనే పుట్టాడుగా, అదీ ఎదురుకాళ్ళతో. నువ్వొచ్చి పక్కనుంటే చాలు నాకు."

ముప్ఫై అయిదేళ్ళు కాన్పులు చేసినదాన్ని. ఈ ప్రశ్నకు తడుముకోవలసిన పని లేదు. "వద్దు తల్లీ, ఇంట్లో వద్దు" అన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. చెప్పింది సరైన మాటే, చెప్పే అర్హత నాకెంత ఉందన్నదే తేలలేదు. ఆ పిల్లను ఆ ప్రశ్న దాకా తీసుకొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా తోటి డాక్టర్లూ ఉన్నారు, మా ఇంటివాళ్ళూ ఉన్నారు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా తమ్ముడు 1963లో దివిసీమలో మా పల్లెలోనే పుట్టాడు. శ్రావణం, ముసురు పట్టింది. కాలవలు పొంగి రేవులో పడవ ఆగిపోయింది. అవనిగడ్డ దాకా తీసుకెళ్ళే మాటే లేదు. మంత్రసాని వచ్చి పొట్ట తడిమి, తల పైనుందమ్మా అని చెప్పిందట. అమ్మ ఎనభై అయిదో ఏట కూడా ఆ రాత్రిని పూసగుచ్చినట్టు చెబుతుంది. తను దూలానికి కట్టిన చీర పట్టుకుని గొంతుక్కూర్చుంది. ముందు పిర్రలు కనిపించాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పట్టి లాగమంటే మంత్రసాని ఒప్పుకోలేదు. "ముట్టుకోకండమ్మా, దాని బరువుకి అదే జారాలి" అని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. నడుం దాకా వచ్చాక గుడ్డ చుట్టి పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి రెండు చేతులూ తీసింది. తర్వాత బిడ్డను తన ముంజేతి మీద గుర్రమెక్కించినట్టు బోర్లా వేసుకుని, మెల్లగా తల తీసింది.

ఆమెకు మేమిచ్చింది ఒక పాత చీర, చేటెడు బియ్యం. మా అమ్మకంటే పాతికేళ్ళు పెద్ద మనిషిని 'ఏమే' అని పిలిచేవాళ్ళం. నేనూ అలాగే పిలిచాను. పురుడు వెళ్ళిపోయాక ఆమె మా గడప లోపలికి రాలేదు, మేం రానివ్వలేదు.

తమ్ముడు మాత్రం ఊళ్ళో గొప్పవాడైపోయాడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తంతే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. కోతల రోజుల్లో నడుం పట్టినవాళ్ళు వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవాళ్ళు. వాడు మూడేళ్ళ కాలితో తన్నేవాడు. ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. మేనకోడలు విన్నది అదే.

అది విననిది ఇంకొకటి ఉంది. 1968లో మా పిన్నికి, బాబాయి భార్యకి, అదే గదిలో, అదే మంత్రసాని చేతిలో, అలాగే ఎదురుకాళ్ళతో బిడ్డ వచ్చింది. నాకు ఎనిమిదేళ్ళు, వసారాలో కూర్చున్నాను. ముందు పిన్ని కేకలు వినిపించాయి, తర్వాత మంత్రసాని గొంతు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. మెడ దాకా వచ్చింది, తల రాలేదు. చాలాసేపటికి మంత్రసాని బయటికొచ్చి నూతి దగ్గర చేతులు కడుక్కుంది. కడుక్కున్న చేతులే మళ్ళీ మళ్ళీ కడుక్కుంది. చీకటిపడ్డాక నాన్న ఒక గుడ్డమూట పట్టుకుని కాలవగట్టు వైపు వెళ్ళాడు. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా మా ఇంట్లో ఎవరూ అనలేదు. నేను అడగలేదు. డాక్టరునయ్యాక కూడా పిన్నిని అడగలేదు, ఆవిడ పోయి పదేళ్ళయింది.

మేనకోడలు తప్పు లెక్క వేసుకుందంటే ఆ లెక్క ఇచ్చింది మేమే. ఇద్దరు పుట్టిన చోట ఒకడే పుట్టినట్టు చెప్పుకున్నాం. పిన్నికి బాధ కలుగుతుందని ఊరుకున్నామని అనుకునేవాళ్ళం. బహుశా మాకే వినే ధైర్యం లేదు.

1985లో నేను పీజీలో చేరిన ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి రాత్రీ పగలూ కిటకిటలాడేది. నెలలు నిండిన కాన్పుల్లో నూటికి మూడు నాలుగు ఎదురుకాళ్ళవే ఉంటాయి కనుక, రెండు మూడు రోజులకొకటి మా చేతుల్లోకి వచ్చేది. మా ప్రొఫెసరమ్మ పద్ధతి ఒకటుండేది. పిర్రలు కనపడగానే మమ్మల్ని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేది. బొడ్డు కనపడేదాకా ముట్టుకుంటే ఊరుకునేది కాదు. తొందరపడి లాగితే బిడ్డ చేతులు తల పైకి లేస్తాయి, గడ్డం పైకెత్తుకుంటుంది, ఇక ఆ తల రాదు. బొడ్డు దాటాక పట్టుకోవాలి, అదీ తుంటి ఎముకల దగ్గరే, పొట్ట మీద కాదు. వీపు ఎప్పుడూ పైకే ఉండాలి. ఒకవైపు సగం చుట్టు తిప్పితే ఒక చెయ్యి అందుతుంది, వెనక్కి తిప్పితే రెండోది. పుస్తకాల్లో దానికి లోవ్‌సెట్ అనే నార్వే డాక్టరు పేరుంది. తర్వాత శరీరాన్ని దాని బరువుకి వేలాడనిచ్చి, మెడ వెనక జుట్టు మొదలు కనిపించేదాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం. తల ముందొచ్చే కాన్పులో అది గంటల తరబడి దారికి తగ్గట్టు ఒదుగుతూ వస్తుంది. ఇక్కడ తలకి అంత వ్యవధి ఉండదు. ఆఖర్న, అన్నిటికంటే పెద్దదిగా, నిమిషాల్లో రావాలి. ఈలోగా బొడ్డుతాడు నలుగుతూ ఉంటుంది. చెయ్యి తొందరపెడుతుంది, బుద్ధి ఆపాలి. ఇది పుస్తకం చదివితే వచ్చే పని కాదు. మొదటి ఇరవై ముప్ఫై కాన్పులకైనా పెద్దవాళ్ళ చెయ్యి మన చెయ్యి మీద ఉండాలి. నాకు ఉంది. నేను ఎవరి చేతి మీదా చెయ్యి వెయ్యలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా మంత్రసాని చేసిందీ ఇదేనని అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే సెలవులకు ఊరెళ్ళినప్పుడు అడిగేదాన్నేమో. ఆమె ఇంకా బతికే ఉంది. అయితే తట్టకపోవడం కూడా ఊరికే జరగలేదు. ఆమె దగ్గర అడిగి తెలుసుకునేది ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆమె కులం, ఆమె మురికి చీర, నా తెల్లకోటు అడ్డంగా ఉన్నాయి. ప్రభుత్వం మంత్రసానులకు శిక్షణ ఇచ్చే రోజుల్లో ఒకసారి నేనూ పాఠం చెప్పాను. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కొత్త బ్లేడు, ఉడకబెట్టిన దారం. చెప్పవలసినవే. కొడవలితో బొడ్డు కోసిన ఇళ్ళల్లో పసివాళ్ళు ధనుర్వాతంతో పోయారు, నేను కళ్ళారా చూశాను. కానీ ఎదురుగా ఇరవైమంది కూర్చుంటే ఒక్కరినైనా, 'ఎదురుకాళ్ళు వస్తే నువ్వేం చేస్తావమ్మా' అని అడగలేదు. వాళ్ళలో ఒక పెద్దామె ఏదో చెప్పబోయింది. టైమైపోయిందని ఆపేశాను.

2000 అక్టోబరులో 'లాన్సెట్' పత్రికలో మేరీ హన్నా అనే డాక్టరు, ఆమె బృందం చేసిన అధ్యయనం వచ్చింది. 26 దేశాలు, 121 ఆసుపత్రులు, 2,088 మంది గర్భిణులు. ఎదురుకాళ్ళని తెలిసి ముందే సిజేరియన్ అనుకున్న పక్షంలో బిడ్డ చనిపోవడమో తీవ్రంగా దెబ్బతినడమో 1.6 శాతం. కింది నుంచే కనాలని అనుకున్న పక్షంలో 5 శాతం. చిన్న తేడా కాదు. చదివి భయపడ్డాం, భయపడవలసిందే. ఆ తర్వాత మా డాక్టర్ల సమావేశమొకటి జరిగింది. ఇకనుంచి ఎదురుకాళ్ళన్నీ ఆపరేషనేనని అక్కడ తేలిపోయింది, పది నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటికి నేను చేసినవి వంద దాటాయి. లేచి ఒక్కమాట అడగవచ్చు. మనందరం మానేస్తే, రేపు అర్ధరాత్రి కాళ్ళు బయటికొచ్చేసి మన గుమ్మంలో దిగే మనిషికి ఎవరు చేస్తారు అని. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. భోజనాలకు లేచారు, నేనూ లేచాను.

తర్వాత ఇంకా లెక్కలు వచ్చాయి. ఆ పిల్లల్లో కొందరిని రెండేళ్ళ వయసులో చూస్తే, చావుల్లోగాని ఎదుగుదల లోపాల్లోగాని రెండు పక్షాలకూ తేడా కనిపించలేదని 2004లో అదే అధ్యయనం వాళ్ళు రాశారు. 2006లో ఫ్రాన్స్, బెల్జియం ఆసుపత్రుల నుంచి 8,000 మందికి పైగా తల్లుల లెక్క వచ్చింది. తగినవాళ్ళను ఎంచి, చెయ్యి తిరిగినవాళ్ళు దగ్గరుండి చేస్తే రెండు దారులకీ చెప్పుకోదగ్గ తేడా లేదని అందులో తేలింది. అదే ఏడాది అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం తన పాత మాట సడలించుకుంది. ఇవన్నీ నేను చదివాను. చదివి బీరువాలో పెట్టాను. మొదటి అధ్యయనం నా రోజుకు కుదిరింది, వెంటనే నమ్మాను. తర్వాతివి కుదరలేదు, ఆలోచిద్దాం అనుకుంటూ ఉండిపోయాను.

కుదరడమంటే ఏమిటో కూడా చెప్పాలి. ఎదురుకాళ్ళ కాన్పంటే రాత్రంతా ఆ మంచం పక్కనే ఉండాలి. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు పిలిస్తే పరుగున వచ్చేలా ఉండాలి. నా నర్సింగ్‌హోమ్‌కు మత్తు డాక్టరు మంగళవారం, శుక్రవారం వచ్చేవాడు. ఆపరేషనైతే శుక్రవారం ఆరింటికి మొదలుపెట్టి, ఏడున్నరకు ఇంటికెళ్ళి మా అమ్మాయికి జడ వేసి బడికి పంపవచ్చు. డబ్బు కూడా ఎక్కువ, ఆ మాట దాచను. బిడ్డకేమైనా అయితే కోర్టుకు లాగుతారని, అద్దాలు పగలగొడతారని భయం ఉంది. ఉత్తి భయం కాదు, మా వీధిలోనే ఒకచోట పగలగొట్టారు. అందరితో ఆ భయమే చెప్పాను, నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. కానీ నా విషయంలో వెసులుబాటు ముందొచ్చింది, భయం దాని వెనక వచ్చింది. చివరిసారి కింది నుంచి ఎదురుకాళ్ళ కాన్పు చేసింది 2005లో. ఇక మానేద్దామని ఏ రోజూ అనుకోలేదు. ఈసారికి ఆపరేషన్ చేద్దాంలే అనుకున్నాను, అంతే. ఆ 'ఈసారి' నేను రిటైరయ్యేదాకా, పదిహేడేళ్ళు, నడిచింది.

ఆ పదిహేడేళ్ళలో నా దగ్గర చేసి వెళ్ళిన కుర్ర డాక్టర్లు ఒక్కళ్ళూ ఆ కాన్పు చూడలేదు. వాళ్ళు ఇప్పుడు ఇంకొకళ్ళకు నేర్పుతున్నారు. తాము చూడనిది ఎలా నేర్పుతారు?

మేం డాక్టర్లం ఒక్కళ్ళమే చేసింది కాదు అని రాయబోయి ఆగాను. అలా అంటే నా వంతు తగ్గినట్టు వినిపిస్తుంది, తగ్గదు. కానీ నేను డాక్టరుగానే కాదు, అత్తగా, పిన్నిగా, పక్కింటి మనిషిగా కూడా ఇందులో ఉన్నాను. మా బంధువుల్లో ఎవరైనా ఆపరేషన్ అంటే, 'పోనీలే, నొప్పులు పడే బాధ తప్పింది' అన్న ఆడవాళ్ళలో నేనొకదాన్ని. మంచి నక్షత్రం చూసి కత్తి పెట్టమని పంచాంగం పట్టుకొస్తే, నవ్వి, సరేనన్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటా నూటికి 21 కాన్పులు ఆపరేషన్‌తో జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 80 దాటింది. ఎదురుకాళ్ళు నూటికి నాలుగే. మిగతావి ఎక్కడినుంచి వచ్చాయో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఆపరేషన్ చెడ్డదని కాదు, నా చేతి మీదే అది ఎందరు తల్లుల్ని బతికించిందో నాకు తెలుసు. కానీ గర్భసంచి మీద ఒక కుట్టు పడ్డాక, తర్వాతి కాన్పులో మాయ ఆ కుట్టుకు అతుక్కుపోయి రక్తం ఆగని మనుషుల్ని కూడా చూశాను. ఆ రెండో సంగతి సంతకం పెట్టించుకునేటప్పుడు ఎంతమందికి కూర్చోబెట్టి చెప్పాను? చాలా కొద్దిమందికి. వాళ్ళూ అడగలేదు. అడగరని నాకు తెలుసు.

మేనకోడలు ఇల్లే నయమనడానికి ఇంకో కారణం ఉందని రెండోరోజు తెలిసింది. మొదటి కాన్పులో దాన్ని పురిటి గదిలో ఒంటరిగా ఉంచారట. అమ్మను రానివ్వలేదు. నొప్పికి అరిస్తే ఒకావిడ తొడ మీద కొట్టింది. ఇంకొకావిడ, అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకంది. అది ఈ నాలుగేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో చెబుతుంటే నేను మాట్లాడలేకపోయాను. ఆ మాట నాకు కొత్త కాదు. నా లేబర్ రూములో నా నర్సులు అన్నారు, నేను పక్క మంచం దగ్గర ఉండి విన్నాను. అలసిపోయిన ఒక రాత్రి నా నోటి నుంచే వచ్చింది. ఎవరితో అన్నానో ఆమె ముఖం గుర్తులేదు, ఆమెకు నా ముఖం గుర్తుండి ఉంటుంది. ఇల్లు వదిలి ఆసుపత్రికి రమ్మని ఊరూరా చెప్పాం. జనం విన్నారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96 పైనే ఆసుపత్రి కాన్పులు. తల్లుల చావులు తగ్గాయి, పసివాళ్ళ చావులు తగ్గాయి. మా తరం చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే. కానీ వచ్చినవాళ్ళను ఎలా చూసుకోవాలో మేం నేర్చుకోలేదు. అందుకే బాగా చదువుకున్న పిల్ల కూడా తిరిగి ఇంటి వైపు చూస్తోంది.

ఇంట్లో కనాలా వద్దా అని ఆలోచించే వీలు కూడా లేనివాళ్ళు వేరే ఉన్నారు. పాడేరు ఏజెన్సీలో ఒకసారి వైద్య శిబిరానికి వెళ్ళాను. రోడ్డు లేని కొండ ఊళ్ళ నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు, దారిలో ఏది ముందొస్తే అది వస్తుంది. అక్కడి నర్సు, చిన్నపిల్ల, నన్ను అడిగింది: "మేడమ్, కాళ్ళు ముందొచ్చేస్తే 108 వచ్చేదాకా నేనేం చెయ్యాలి?" ఒక అరగంట ఉండి దుప్పటి ముక్కతోనైనా చూపించవలసింది. లాగకు, వీపు పైకి ఉంచు, గుడ్డ చుట్టి తుంటి దగ్గర పట్టుకో అని గబగబా చెప్పి జీపెక్కాను. వచ్చే నెల మళ్ళీ వచ్చి అందరికీ క్లాసు పెడతానన్నాను. వెళ్ళలేదు.

ఫోన్ వచ్చిన ఆ రాత్రి సంగతికి వస్తాను. నిద్ర పట్టక లేచి, మనవరాలి బొమ్మ ఒకటి తీసుకున్నాను. దిండు గలీబులో దాన్ని కాళ్ళు ముందుగా పెట్టి, మూతి దగ్గర గుడ్డపీలిక బిగించి కట్టాను. మంచం మీద కూర్చుని మొదలుపెట్టాను. బొడ్డుదాకా ఆగాను. చేతిరుమాలు చుట్టి తుంటి దగ్గర పట్టుకున్నాను. అప్పుడు ఏ వైపు తిప్పాలో నా చేతికి తోచలేదు. క్షణమో రెండు క్షణాలో. వీపు పైకి, వీపు పైకి అని పైకే అనుకుంటే గుర్తొచ్చింది, తిప్పాను. కానీ మంచం మీద బొమ్మకి ఆ రెండు క్షణాలు ఏమీ కావు. తమ్ముడి కూతురి ఇంట్లో, కింద ఆపరేషన్ థియేటరు లేకుండా, పక్కన పిల్లల డాక్టరు లేకుండా, హైదరాబాదు ట్రాఫిక్కులో అంబులెన్సు ఎక్కడుందో తెలియకుండా, ఆ రెండు క్షణాలు ఏమవుతాయో నాకు తెలుసు. కాళ్ళకంటే ముందు బొడ్డుతాడే జారితే అసలు నా చెయ్యి అక్కరకే రాదు.

మర్నాడు ఆ రెండో ఫోన్ అయ్యాక బస్సెక్కి వెళ్ళాను. దాని మంచం మీద కూర్చుని పిన్ని బిడ్డ సంగతి చెప్పాను. మా తమ్ముడికి కూడా అప్పుడే తెలిసింది, గుమ్మంలో నిలబడి విన్నాడు. 2017లో బ్రిటన్ ప్రసూతి వైద్యులు ఇచ్చిన లెక్క చెప్పాను. నెలలు నిండాక ముందే అనుకుని ఆపరేషన్ చేస్తే బిడ్డ పోయే ప్రమాదం 1,000కి అరవంతు, తల ముందొచ్చే మామూలు కాన్పులో 1, ఎదురుకాళ్ళ కాన్పు ఆసుపత్రిలో అనుకుని చేస్తే 2. ఆ 2 అన్నది కూడా చెయ్యి తిరిగిన మనుషులున్న చోట లెక్క. "మలిచూలు కదా, మొదటిది మామూలుగానే అయింది కదా, అలాంటి మనిషి నీకు ఆసుపత్రిలో దొరికితే నేనే కనమని చెప్పేదాన్ని" అన్నాను.

"ఎవరూ లేరా అత్తా? ఇంత ఊళ్ళో?"

ఎక్కడో ఉండే ఉంటారు. తెలిసినవాళ్ళకల్లా రెండు రోజులు ఫోన్లు చేశాను. నా బ్యాచివాళ్ళు ఆరుగురు. అందరూ ఒకప్పుడు నాతోపాటు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డవాళ్ళే. అందరూ మానేశారు. ఒకామె, "మనమే కదే మానేసింది" అంది. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పొట్ట మీద నుంచి చేతులతో బిడ్డను తిప్పి తల కిందికి తెచ్చే పద్ధతి ఉంది. ముప్ఫై ఏడో వారం దాటాక, స్కానింగు చూస్తూ, గర్భసంచి బిగువు తగ్గే ఇంజక్షను ఇచ్చి చేస్తారు. సగం మందికి కుదురుతుంది. మూడు ఆసుపత్రుల్లో ఒక్కరూ దీని మాటే ఎత్తలేదు. నాలుగోచోట చేసే కుర్ర డాక్టరు దొరికింది. రెండుసార్లు ప్రయత్నించింది, బిడ్డ తిరగలేదు. మేనకోడలు కళ్ళు తుడుచుకుని, "సరే, ఇక్కడే చెయ్యించుకుంటాను, కనీసం చెప్పి చేశారు" అంది.

ఆషాఢంలో ఆపరేషన్. నన్ను లోపలికి రానిచ్చారు, దాని చెయ్యి పట్టుకుని తల దగ్గర నిలబడ్డాను. తెర మీదుగా చూస్తే, కోత నుంచి ముందు పిర్రలు వచ్చాయి. ఆ కుర్ర డాక్టరు తడి గుడ్డ చుట్టి తుంటి దగ్గర పట్టుకుంది. వీపు పైకి ఉంచి ఒకవైపు తిప్పింది, చెయ్యి వచ్చింది. వెనక్కి తిప్పింది, రెండోది వచ్చింది. బిడ్డను ముంజేతి మీద గుర్రమెక్కించినట్టు వేసుకుని, చెంప ఎముకల మీద రెండు వేళ్ళు ఆనించి తల తీసింది. 1963లో మా ఇంట్లో మంత్రసాని చేసిందీ, 1985లో మా ప్రొఫెసరమ్మ నా చెయ్యి పట్టి చేయించిందీ అదే. ఆడపిల్ల. ఏడ్చింది.

బయటికొచ్చాక ఆ అమ్మాయిని అడిగాను, ఎప్పుడైనా కింది నుంచి చేశావా అని. "లేదు మేడమ్. పీజీలో ఒకే ఒకటి చూశాను, కాళ్ళు వచ్చేసి క్యాజువాలిటీకి వచ్చింది. అందరం వణికిపోయాం. మీరు చేసేవారట కదా, మాకు బొమ్మ మీదైనా చూపిస్తారా? శనివారాలు నలుగురైదుగురం కూర్చుంటాం."

వస్తానన్నాను. ఆ మాట నిజంగా వెళ్దామనే అన్నాను. ఇప్పుడు కార్తీకం. తమ్ముడి మనవరాలికి నాలుగో నెల, బోర్లా పడుతోంది. మా అమ్మ దాని పాదాలు తన నడుముకు ఆనించుకుని పడుకుంటోందట. ఆ అమ్మాయి రెండుసార్లు మెసేజ్ పెట్టింది. మొదటిసారి ఊళ్ళో లేనని రాశాను, ఉన్నాను. రెండోదానికి ఇంకా జవాబు రాయలేదు. వాళ్ళ ముందు చెయ్యి ఆగిపోతే ఎలా అని ప్రతి శుక్రవారం రాత్రీ అనుకుంటున్నాను. బొమ్మ ఇంకా ఆ గలీబులోనే, మంచం పక్కన కుర్చీలో ఉంది.